ఇంజను చేతిరాత

మెట్ల వీధి, మేడ మీద గది

అన్నయ్యా,

ఫోన్ చేస్తే వదిన ఎత్తుతుంది. నేను గుక్క తిప్పుకోకుండా పది మాటలు చెబితే ఆవిడ నీకు సైగలతో రెండు చెబుతుంది. నువ్వు తలూపావని మళ్లీ నాకు ఒకటి చెబుతుంది. మెసేజీ పెడితేనా, "సరే" అని కొట్టి ఊరుకుంటావు. ఎలా ఉన్నావంటే "సరే". ఏం తిన్నావంటే "సరే". ఇది కుదరదని కాగితం తీశాను. రాత్రిపూట నిద్ర పట్టక కాదు, పట్టపగలు, కోపంతో రాస్తున్నాను.

ఆ పాడు జ్వరం నీ రెండు చెవులూ పట్టుకుపోయి నాలుగు నెలలు దాటింది. ఆరు నెలల్లో వినికిడి తిరిగొస్తుందని డాక్టరు చెప్పాడన్నావు. మంచిదే, వస్తుంది. మరి ఈలోపు నీ రిపేరు షెడ్డును టైర్లాయనకి రాసిచ్చేయడం ఏమిటి? వదిన ఫోన్లో అంతా చెప్పింది, గోదాములో కాపలా ఉద్యోగం సంగతి కూడా. బండి ఇంకా వీధి మలుపు తిరగకముందే దాని జబ్బేమిటో చెప్పేవాడివి. ఇక గోదాము గేటు దగ్గర కుర్చీ వేసుకుని వచ్చేపోయే లారీలకి గొలుసు తీస్తూ కూర్చుంటావా?

సరే, నా గోల కూడా విను. వినకపోతే చదువు. నా ముసలి కారు నీకు తెలుసుగా. దాని మీదే ఈ ఊళ్లో సగం మంది ఆడవాళ్లకి డ్రైవింగ్ నేర్పాను. ఇప్పుడది మిస్సింగ్ కొడుతోంది, ఇంజను ఆగి ఆగి కొట్టుకుంటోంది. మొదట్లో వాన పడ్డ పొద్దున మాత్రమే కొట్టేది. ఇప్పుడు రోజూ, స్టార్ట్ చేసిన అరగంట దాకా అదే వరస. ఎత్తు ఎక్కేటప్పుడైతే ఎక్కిళ్లు పట్టినట్టు కుదుపు. నేర్చుకునేవాళ్లు తప్పంతా తమదే అనుకుంటున్నారు. మొన్న బ్యాంకు క్లర్కమ్మ "మేడమ్, నేనేం తొక్కలేదు, ఒట్టు!" అని కేక పెట్టి, స్టీరింగు వదిలేసి రెండు చేతులూ పైకెత్తేసింది. బ్రేకు నా కాళ్ల దగ్గర కూడా ఉంది కాబట్టి బతికిపోయాం.

ఇక్కడి మెకానిక్కు ప్లగ్గులు మార్చాడు, కార్బురేటరు కడిగాడు, వైర్లు కొత్తవే గదా అన్నాడు. చివరికి "అమ్మేయండి మేడమ్, దీనికి వయసైపోయింది" అని చేతులు దులిపేసుకున్నాడు. వయసైపోతే అమ్మేయాలా? మా అత్తయ్య పక్కనే ఉండి ఆ మాట వింది. అతనికి ఆ రోజు టీ ఇవ్వలేదు.

ఏం చేయాలో చెప్పు.

నీ చెల్లి


ఇల్లు, వెనక గది

బుడంకాయ్,

నీ ఉత్తరం అందింది. చదివాను. మీ వదిన నాకంటే ముందే చదివింది.

బండిని మంచి మెకానిక్కుకి చూపించు. నేనిప్పుడు మెకానిక్కును కాను. ఇంజనుకున్నది నోరొక్కటే, నాకు లేనివి చెవులు. ఇక మా ఇద్దరి మధ్య మాటలేం ఉంటాయి?

నీకు చెప్పలేదు. షెడ్డులో ఒక బండి బానెట్ ఎత్తి, ఇంజను ఆపి ఉందనుకుని ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టబోయాను. అది నడుస్తోంది. బండాయన నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ ఉత్తరం ఎడం చేత్తో రాసేవాణ్ణి. ఆ రోజే షట్టరు దించేశాను. మళ్లీ ఎత్తలేదు.

టైర్లాయన మంచివాడు. నెలాఖరు దాకా గడువిచ్చాడు. గోదాము ఉద్యోగానికి చెవులతో పనిలేదు, కళ్లుంటే చాలట.

నీ కారు సంగతి. ఎక్కిళ్లు అని రాశావు. ఆ ఎక్కిళ్లు ఒక తీరుగా వస్తున్నాయా, ఇష్టమొచ్చినట్టు వస్తున్నాయా? ఊరికే అడిగాను. జవాబు రాయనక్కర్లేదు.

అన్నయ్య


మెట్ల వీధి

అన్నయ్యా,

"జవాబు రాయనక్కర్లేదు" అన్న మాట చూసి నవ్వీ నవ్వీ పొలమారింది. నువ్వు చిన్నప్పుడు కూడా ఇంతే. "నాకేం వద్దు" అంటూనే గిన్నెలోకి తొంగి చూసేవాడివి.

నీ ప్రశ్నకి జవాబు దొరకడానికి ఇంట్లో యుద్ధమే అయింది. ఒక తీరుగా వస్తున్నాయని అత్తయ్య. లేదు, ఇష్టమొచ్చినట్టు వస్తున్నాయని నేను. కారు ముందు నిలబడి ఒకరి మీద ఒకరం అరుచుకున్నాం. మా ఆయన ఊళ్లు తిరిగే ఉద్యోగంలో ఉండబట్టి తప్పించుకున్నాడు. చివరికి నాకే అనిపించింది, మా చెవుల గొడవ నీకెందుకు? నీకు కళ్లున్నాయి, వేళ్లున్నాయి. ఇంజను సంగతేదో అదే నీకు చెప్పుకుంటే పోలా?

నవ్వకుండా చదువు. ఇంజను పైన గాలి డబ్బా మూత ఉంటుంది చూడు, దానికి పక్కగా ఒక పెన్సిల్ అంటించాను. పక్కనే నేల మీద, కారుకి తగలకుండా, ఎత్తు బల్ల వేశాను. షాపుల్లో బిల్లులు కొట్టే కాగితం చుట్ట తెచ్చి బల్ల మీద పరిచి, పెన్సిల్ మొన దానికి ఆనేలా పెట్టాను. స్టార్ట్ చేసి కాగితాన్ని లాగాను. పిచ్చి గీతలు! కోడి కెలికినట్టుంది.

అప్పుడు అత్తయ్య, "తప్పుకో, నీకు గుడ్డ జరపడమే రాదు" అంది. ఆవిడ కుట్టు టీచరుగా రిటైరైన సంగతి నీకు తెలుసు. కుట్టుమిషను కింద గుడ్డని ఎంత తీరుగా జరుపుతుందో, అంత తీరుగా ఆ కాగితాన్ని లాగింది. తొందర లేదు, ఆగడం లేదు, ముఖంలో కదలిక లేదు. గీత పడింది అన్నయ్యా! మేం కాగితం లాగామంతే, రాసింది మాత్రం ఇంజనే. ఇద్దరం దాన్ని వెలుతుర్లోకి తెచ్చి చూశాం. అత్తయ్య ఏమీ మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవడం నేను ఈ ఇంటికొచ్చాక ఇదే మొదలు.

మాకు దానిలో తలా తోకా తెలియలేదు. చుట్టి ఈ కవర్లో పెట్టాను. నువ్వు చూడు.

నీ చెల్లి


ఇల్లు, ముందు వరండా

బుడంకాయ్,

కవర్లోంచి కాగితం చుట్ట జారి పడగానే దుకాణం బిల్లు పంపావేమో అనుకున్నాను. తర్వాత నీ ఉత్తరం చదివి నవ్వాను. తర్వాత కాగితం వరండాలో పరిచాను. తర్వాత నవ్వలేదు.

మూడు గట్లు, ఒక పల్లం. మూడు గట్లు, ఒక పల్లం. కాగితం ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒక్కసారైనా తప్పలేదు. కళ్లు మూసుకుని గీత వెంబడే వేలు నడిపించాను. నీ పెన్సిల్ గట్టిగా నొక్కి రాసింది, కాగితం వెనక వైపు గీత ఉబ్బి తగులుతోంది. పల్లం వచ్చే ముందే నా వేలికి తెలిసిపోయేది. నేనలా నేల మీద పాకుతుంటే మీ వదిన గుమ్మంలో నిలబడిపోయింది. మతి కూడా పోయిందనుకున్నట్టుంది.

ఇన్నేళ్లూ నేను ఆ చప్పుడు విన్నాను, ఎన్నడూ చూడలేదు. బండి ఊరికే నిలబడి నడుస్తున్నప్పుడు కూడా సెకనుకు ఇరవైకి పైగా నిప్పులు వెలుగుతాయి లోపల. ఒకదాని తర్వాత ఒకటి, వరస తప్పకుండా. దాని మీద కూర్చుని మనం కిటికీలోంచి చెట్లు చూసుకుంటూ పోతాం. ఎంత గొప్ప సంగతో నాకు ఇప్పుడు తట్టింది. చెవులున్నప్పుడు తీరికే లేకపోయింది.

అత్తయ్యగారి మాటే నెగ్గింది, ఎక్కిళ్లు ఒక తీరుగానే ఉన్నాయి. పెట్రోలు తేడా అయితే గీత ఇష్టమొచ్చినట్టు తిరిగేది. ఇది అలా లేదు. నాలుగు సిలిండర్లలో ఒకటి, ఎప్పుడూ అదే ఒకటి, చచ్చి ఉంది. దానికి నిప్పు అందడం లేదు. ఆవిడకి నా నమస్కారాలు చెప్పు. అలాంటి చెయ్యి నేను చూడలేదు.

ఇక ఏది చచ్చిందో తేలాలి. ఇంజను ఆపి, ఒక ప్లగ్గు టోపీ పీకి, దాన్ని విడి ప్లగ్గుకి తగిలించి, ఆ ప్లగ్గును ఇనుముకి ఆనించి కట్టు. అప్పుడు స్టార్ట్ చేసి, ఒక కాగితం చీటీ మీద గీత లాగండి. ఆపి, దాన్ని మళ్లీ పెట్టి, రెండోది. అలా నాలుగూ. ప్రతి చీటీ మీద నంబరు వెయ్యి. బతికున్నదాన్ని పీకితే గీతలో రెండు పల్లాలు పడతాయి. చచ్చినదాన్ని పీకితే ఏమీ మారదు, చచ్చినవాణ్ణి మళ్లీ చంపలేం గదా. నడుస్తున్నప్పుడు మాత్రం వైరు ముట్టుకోకు. గుర్రం తన్నినట్టు తంతుంది.

వెంటనే పంపు. నెలాఖరుకి ఎక్కువ దూరం లేదు.

అన్నయ్య


మెట్ల వీధి

అన్నయ్యా,

ఇదిగో నాలుగు చీటీలు. నంబర్లు నువ్వు తప్పు పట్టలేనట్టు జాగ్రత్తగా వేశాను. నీ నమస్కారాలు అందుకున్నాక అత్తయ్యని పట్టలేకపోతున్నాం. పక్కింటావిడకి "మా కోడలి అన్నగారు నా చెయ్యి మెచ్చుకున్నారు" అని చెప్పింది. దేనికి మెచ్చుకున్నారో ఆవిడకి అర్థమయ్యేలా చెప్పలేక, చివరికి బానెట్ ఎత్తి చూపించింది.

నాకొక్కటి చెప్పు. నువ్వు ఆ గీతను చదివావంటే, చెవులు వచ్చేదాకా ఇలా చదువుతూ పని చేసుకోవచ్చు గదా? షెడ్డు ఇవ్వక్కర్లేదు గదా?

చెల్లి


గోదాముల రోడ్డు, షెడ్డు

బుడంకాయ్,

పైన షెడ్డు అని రాశానని పండగ చేసుకోకు. వైరు కోసే పట్టకారు ఇక్కడ ఉండిపోయింది, అందుకే వచ్చాను. షట్టరు కూడా సగమే ఎత్తాను.

చీటీలు నాలుగూ బల్ల మీద పరిచి వేలితో చదివాను. మూడింట్లో రెండేసి పల్లాలు. ఒకదానిలో మార్పే లేదు. ఎంత శుభ్రంగా చెప్పిందో! కళ్లు మూసుకుని చీటీలను కలిపేసి, మళ్లీ వేలితోనే దాన్ని బయటికి తీశాను. నాలుగైదు సార్లు ఆడాను ఆ ఆట. ఒక్కసారీ తప్పలేదు.

నీ కారుది ఫ్యాను వైపు నుంచి మూడో సిలిండరు. ప్లగ్గు కొత్తది కాబట్టి తప్పు వైరుది. కొత్త వైరైనా ఎక్కడో ఇనుముకి రాసుకుని లోపల చీలి ఉంటుంది, తేమ తగలగానే నిప్పు అక్కడే కారిపోతుంది. మూడోదానికి సరిపోయే పొడవున వైరు కోసి, టోపీలు బిగించి పంపుతున్నాను. పాతది తీసి ఇది పెట్టు.

నువ్వు అడిగినదానికి జవాబు. దీనితో నీ బండి బాగుపడితే, నాకు చేత్తో చదవడం వచ్చిందని ఒప్పుకుంటాను. అప్పుడు టైర్లాయనకి ఏం చెప్పాలో ఆలోచిస్తాను. బాగుపడకపోతే ఆలోచించేదేం లేదు. గుడ్డిగా చెయ్యి పెట్టి జనం బండ్లు పాడుచేయలేను. ఫ్యాను దగ్గర ఒకసారి తప్పించుకున్నాను, అది చాలు.

అన్నయ్య


మెట్ల వీధి

అన్నయ్యా,

వైరు అందింది. అందిన గంటలోనే పెట్టాను. మూడోదానికి అతికినట్టు సరిపోయింది.

మిస్సింగ్ పోలేదు.

బాగైపోయిందని అబద్ధం రాద్దామనుకున్నాను. పెన్ను కదల్లేదు. నీతో నేను అబద్ధమాడితే నువ్వు కనిపెట్టకపోయినా అత్తయ్య కనిపెడుతుంది.

ఎక్కడో చిన్న పొరపాటు జరిగి ఉంటుంది. అది నాదే అయ్యుంటుంది. కాస్త ఓపిక పట్టు.

చెల్లి


ఇల్లు

చెల్లీ,

పొరపాటు నీది కాదు. నీ చీటీలు బాగానే ఉన్నాయి. చదివినవాడికే చదువు రాలేదు. కోరుకున్నది చదివాను.

శనివారం టైర్లాయనకి తాళం చెవి ఇచ్చేస్తున్నాను. బండిని ఎవరికైనా మంచివాళ్లకి చూపించు.

అన్నయ్య


మెట్ల వీధి

అన్నయ్యా,

ఈ ఉత్తరం శనివారంలోపు చేరుతుందో లేదో అని వదినకి ఫోన్ చేశాను. తాళం చెవి దాచెయ్యమన్నాను. ఎక్కడ దాచిందో నువ్వు అడగకు, ఆవిడ చెప్పదు. ఆవిడ మీద అరవకు, అరిచినా ఆవిడ లెక్కచెయ్యదు.

ఇప్పుడు నింపాదిగా కూర్చుని చదువు. నువ్వు మూడోది అని రాసినప్పుడు నాకు ఏదో తేడాగా తోచింది. మార్పు లేని చీటీ రెండోదని నాకు గుర్తు. కానీ నువ్వు పెద్దవాడివి, పనివాడివి, నీకేదో తెలిసే ఉంటుందనుకుని నోరు మూసుకున్నాను. నిన్న నీ చిన్న ఉత్తరం చదివి నేను ఏడుస్తుంటే అత్తయ్య వచ్చి చదివింది. చదివి, "అమ్మాయ్, నీ నంబర్లు ఎటువైపు నుంచి అనుకున్నాడు మీ అన్న?" అని అడిగింది. అంతే, నా బుర్రలో దీపం వెలిగింది.

మన నాన్న సంగతి నీకు చెప్పాలా? బస్సు డ్రైవరుకి తన సీటే లోకానికి మొదలు. ఇంజనులో కూడా తన వైపున్న సిలిండరే ఒకటోది అని మనకి నేర్పాడు. నువ్వు షెడ్డులో చేరాక అందరూ ఎదురు చివరన ఉన్న ఫ్యాను వైపు నుంచి లెక్కపెడతారని తెలిసి ఎంత గొడవ చేశావో నాకు గుర్తుంది. నేను మాత్రం మొన్నమొన్నటిదాకా నాన్న లెక్కే. కానీ చీటీలు నీ కోసం గదా! నీకు ఇబ్బంది కాకూడదని నీ షెడ్డు లెక్కలో, ఫ్యాను వైపు నుంచి నంబర్లు వేశాను. ఎంత శ్రద్ధగా వేశానో!

నువ్వేం చేశావు? నిజం చెప్పు. బుడంకాయ్ నాన్న లెక్కలోనే వేసి ఉంటుందనుకుని, నా రెండుని తిరగేసి మూడు చేసుకున్నావు. అవునా, కాదా?

చెల్లి


గోదాముల రోడ్డు, షెడ్డు

ఓసి బుడంకాయా!

అవును. అవునే తల్లీ, అవును. తిరగేశాను. నువ్వు పుట్టినప్పటి నుంచీ నాన్న కూతురివే, నువ్వెప్పుడు మారావని నాకు తెలియాలి? నీకు ఎత్తిచూపితే చిన్నబుచ్చుకుంటావని ఆ మాట ఉత్తరంలో రాయకుండా, నాలో నేనే లెక్క మార్చుకున్నాను. నువ్వు నా కోసం మారావు, నేను నీ కోసం మార్చాను. ఇద్దరం కలిసి ఏ పాపమూ తెలియని మూడోదాని మెడకి చుట్టాం.

నా వేలు తప్పు చదవలేదు. రాత్రంతా కాదుగానీ, నీ ఉత్తరం వచ్చిన పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆ ఒక్క మాటే అనుకుంటూ కూర్చున్నాను. వేలు సరిగ్గానే చదివింది, బుర్ర చెడగొట్టింది.

మీ వదిన తాళం చెవి ఇచ్చింది. పిండి డబ్బాలో పెట్టిందట. షట్టరు ఎత్తితే నా చేతులు తెల్లగా అయ్యాయి.

ఇప్పుడు నేను చెప్పేది చెయ్యి. వెంటనే వైరు మార్చకు. ముందు చూడు. నువ్వు చూడాలని ఉంది నాకు. బండి ఆరుబయటే ఉండాలి, మూసిన గదిలో పొగ ప్రాణం తీస్తుంది. స్టార్ట్ చేసి, ఎత్తి ఉన్న బానెట్ మీద నుంచి మందపాటి రగ్గు కప్పి, అత్తయ్యగార్ని ఒక అంచు, ఇంకెవరినైనా రెండో అంచు ఫ్యానుకి దూరంగా లాగి పట్టుకోమను. జుట్టు గట్టిగా ముడేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, రగ్గు కింద తల పెట్టు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగు. రెండోదాని వైరు వెంబడే చూడు. ఫ్యాను వైపు నుంచి రెండు! రాసుకో.

అన్నయ్య


మెట్ల వీధి

అన్నయ్యా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నేను చూశాను.

పొద్దున్నే, ఇంకా మంచు తడి ఆరకముందు, అత్తయ్యా బ్యాంకు క్లర్కమ్మా రగ్గు పట్టుకున్నారు. నేను తల దూర్చాను. మొదట ఏమీ లేదు. చీకటి, వేడి, పెట్రోలు వాసన, బుగ్గలకి తగిలే దడ. ఇంత దగ్గరగా నేను ఎప్పుడూ వెళ్లలేదు. ఇన్నేళ్లు దాన్ని నడిపాను గానీ, దాని ఇంట్లోకి వెళ్లడం ఇదే మొదలు. కాస్త భయం కూడా వేసింది.

తర్వాత కనపడింది. రెండోదాని వైరు పక్కన ఒక చిన్న ఇనుప కొక్కెం ఉంది. వైరులోంచి ఆ కొక్కెం మీదకి నీలంగా, దారప్పోగంత సన్నగా ఒక వెలుగు దూకింది. పోయింది. మళ్లీ దూకింది. మళ్లీ. ఎంత నీలం అన్నయ్యా! అలాంటి రంగు నేను బట్టల్లో గానీ ఆకాశంలో గానీ చూడలేదు. ప్లగ్గులోకి పోవాల్సిన నిప్పు దారి తప్పి అక్కడ ఆడుకుంటోంది. ఎక్కిళ్లు, కుదుపులు, క్లర్కమ్మ కేకలు, నీ షెడ్డు, నా ఏడుపు, అన్నిటికీ మూలం ఆ ఒక్క నీలప్పోగు. నాకు కోపం రాలేదు. దండం పెట్టాలనిపించింది. చేతులు వెనక్కి కట్టుకున్నాను కాబట్టి పెట్టలేదు.

బయటికి వచ్చి అత్తయ్యని చూడమన్నాను. ఆవిడ రగ్గు కింద తల పెట్టి ఎంతకీ బయటికి రాదు. క్లర్కమ్మ కంగారుపడి "పెద్దమ్మగారూ, ఉన్నారా?" అని పిలిచింది. లోపల్నుంచి, "ఉండమ్మా, చూడనీ. ఇంత వయసొచ్చింది, ఇలాంటిది నాకెవరూ చూపించలేదు" అని వినపడింది. తర్వాత క్లర్కమ్మ చూసింది. ఆ అమ్మాయి ఇప్పుడు స్టీరింగు వదలడం లేదు, లోపలేం జరుగుతోందో తనకి తెలుసట.

మూడోదాని పాత వైరు బాగానే ఉంది గదా, అది రెండోదానికి పొడవు సరిపోయింది. కొక్కేనికి దూరంగా కట్టి బిగించాను. స్టార్ట్ చేశాను. అత్తయ్య అలవాటుగా కాగితం లాగింది. ఇదిగో, పంపుతున్నాను. ఎత్తు ఎక్కి దిగి వచ్చాం, ఒక్క ఎక్కిలి లేదు.

నువ్వు ఎక్కడో కూర్చుని, ఒక్క చప్పుడైనా వినకుండా, కాగితం మీద వేలు పెట్టి, ఆ నీలప్పోగు ఉన్న చోటు చెప్పావు. మా అన్నయ్య అని వీధిలో అందరికీ చెప్పుకుంటున్నాను. ఇక నిర్ణయం నీది. నేను అడగను.

నీ చెల్లి


గోదాముల రోడ్డు, షెడ్డు

బుడంకాయ్,

నాలుగు గట్లు. నాలుగూ సమానంగా ఉన్నాయి. నీ కాగితం మీద వేలు ఎక్కడా ఆగలేదు.

టైర్లాయన శనివారం తన వ్యానులోనే వచ్చాడు. ఆయన దిగి నా చెయ్యి పట్టుకుని ఊపుతూ ఏదో చెబుతున్నాడు. నా రెండో చెయ్యి వ్యాను ముందు చక్రం పైనున్న రేకు మీద ఉంది. ఊరికే పెట్టాను. ఇంజను ఆపలేదని అరచేతికి తెలిసింది. ఆపి ఉందో, నడుస్తోందో చెప్పడానికి చెవులెందుకు, రేకు మీద చెయ్యి చాలు! ఆ రోజు ఫ్యాను దగ్గర నాకు లేనిది ఈ కాస్త తెలివే. ఇక బానెట్ ఎత్తే ముందు అరచెయ్యి పెట్టనిదే వేలు లోపల పెట్టను.

అలా పెట్టిన చెయ్యి తీయబుద్ధి కాలేదు. మూడు గట్లు, ఒక పల్లం. కాగితం లేదు, పెన్సిల్ లేదు, నేరుగా చేతిలోకి వస్తోంది. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. సుద్దముక్క తీసి షట్టరు మీద "మీ బండిలో ఒకటి చచ్చింది" అని రాశాను. ఆయన బిత్తరపోయాడు. రెండు వారాలుగా పెట్రోలు విపరీతంగా తాగుతోందట, ఎవరూ చెప్పలేకపోయారట. నాలుగు ప్లగ్గు టోపీలు ఒక్కొక్కటీ మార్చి మార్చి చూశాను. ఫ్యాను వైపు నుంచి నాలుగోది. ప్లగ్గు పింగాణీ పగిలి ఉంది, కొత్తది వేశాను. ఆయన చెయ్యి లాగి రేకు మీద పెట్టించాను. ఆయన నోరు తెరిచాడు, చాలాసేపు మూయలేదు.

తర్వాత షట్టరు మీద ఇంకోమాట రాశాను: "షెడ్డు ఇవ్వను, ఏమీ అనుకోకండి." ఆయన అది చదివి, తుడిచేసి, చేత్తో తన వ్యాను వైపు చూపించి నవ్వాడు. మంచివాడని ముందే చెప్పానుగా.

ఇప్పుడు నీకు ఒకటి చెప్పాలి. ఆరు నెలల్లో చెవులు వస్తాయని డాక్టరు అనలేదు. ఆయన మొదటి రోజే కాగితం మీద రాసి చూపించాడు, ఇక రావని. ఆ ఆరు నెలలు నేను కల్పించినవి. మీ వదిన ముఖం చూసి నోటికొచ్చింది చెప్పేశాను. నీకూ అదే చెప్పాను. ఒక పని అంటూ చేతిలో లేకుండా ఆ మాట ఎలా బయటపెట్టాలో తెలియలేదు.

నిన్న సాయంత్రం ఇంటికి వెళ్లి చెప్పాను. నా గొంతు నాకు వినపడదు కదా, ఎంత గట్టిగా చెప్పానో, మెల్లగా చెప్పానో తెలియదు. మీ వదిన వంటగదిలో నిలబడి విన్నది. సైగ చెయ్యలేదు, కాగితం తీసుకోలేదు. దగ్గరికి వచ్చి నా కుడిచెయ్యి పట్టుకుంది. షెడ్డులో నేనేం చేశానో టైర్లాయన చెప్పి వెళ్లాడట, అందుకే అలా తోచిందేమో. నా అరచెయ్యి తన గొంతు మీద పెట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టింది.

ఏం మాట్లాడిందో ఒక్క ముక్క తెలియలేదు, చెల్లీ. కానీ ఇన్ని నెలల తర్వాత ఆవిడ గొంతు నాకు అందింది. మొదట తిట్టింది. అది నాకు బాగా తెలుసు, ఆ ఊపు నాకు కొత్త కాదు. తర్వాత ఏడ్చింది. తర్వాత చాలాసేపు, మెల్లగా, ఆగి ఆగి ఏదో చెప్పింది. పొయ్యి మీద ఏదో మాడుతోంది, వాసన వస్తోంది. ఇద్దరం కదల్లేదు. ఆవిడ మాట్లాడుతూనే ఉంది, నేను చెయ్యి తీయలేదు.

అన్నయ్య